పసుపు దారం కొలత

మా బాపు చేసిన పళ్ళేన్ని ఎండుగడ్డిలో చుట్టి, పైన ఆయన పాత ధోతి కట్టి, హైదరాబాదులో అద్దాల తలుపులున్న దుకాణానికి మోసుకుపోయింది నేనే. ఎనభైల మొదట్లో మాట. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. వరంగల్ సుబేదారిలో టైపు నేర్చుకున్నాను, ఇంగ్లీషు కాగితం చూస్తే బెదరను, కనుక ఇంట్లో నేనే కలెక్టర్ని. దుకాణం మేనేజరు గడ్డిపోచల్ని రెండు వేళ్ళతో ఏరి పక్కన పెట్టాడు. పళ్ళేన్ని వెలుతురుకు పట్టి చూసి, పని బాగుందన్నాడు. తర్వాత లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చి నా ముందు తెరిచాడు. లోపలంతా ముదురు ఎరుపు మఖ్మల్, వస్తువును పైకి తీయటానికి తెల్లటి రిబ్బను, మూతకు ఇత్తడి కొక్కెం. అందులో ఉన్న వెండి గిన్నె మాత్రం మామూలుదే.

"బయటి దేశాలవాళ్ళు ముందు కొనేది దీన్ని," అని మూత మీద తట్టాడు. నలభై పళ్ళేలు ఇలాంటి నలభై డబ్బాల్లో ఫలానా సోమవారానికి తన ముందుంటే, మూడు నెలలకోసారి ఆర్డరు ఇస్తానన్నాడు. లేకపోతే మళ్ళీ రానక్కర్లేదన్నాడు. కోపం వచ్చింది కానీ మింగేశాను. నాకు అప్పట్లో కోపం మింగటం అలవాటు లేదు, అది ఎక్కడో ఒక చోట కక్కక తప్పేది కాదు.

ఇంటికొచ్చి చెబితే బాపు నవ్వాడు. "చారాణ కోడికి బారాణ మసాలా," అన్నాడు. కానీ ఆ సాయంత్రమే రేకులు లెక్క చూసుకున్నాడు. ఎందుకంటే చౌరస్తా దగ్గర రేకు పెట్టెల దుకాణం యజమాని అప్పటికే రెండుసార్లు కబురు పెట్టాడు, ట్రంకు పెట్టెలకు మూలలు కొట్టే పనికి రమ్మని. బాపుది నగిషీ పని. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, వెనక నుంచి సుత్తెతో బొమ్మను ఉబ్బించి, ముందు నుంచి సన్నటి ఉలులతో దానికి కళ్ళూ ముక్కూ తీర్చటం. తాతల నాడు గుడి తలుపులకు చేసేవాళ్ళు. నాకు బుద్ధి తెలిసేసరికి అడిగేవాళ్ళు లేకుండా పోయారు.

"గీ నలభై పోతె సరే," అన్నాడు బాపు. "పోకపోతె పెట్టెల దుకాణం కాడికి పోత. ఇగ ఉలి ముట్ట." ఆయన ఏ మాటా రెండుసార్లు చెప్పే మనిషి కాదు. ఉలి కింద పెడితే మళ్ళీ ఎత్తడని అమ్మకు తెలుసు, నాకు తెలుసు. ఆ నెలన్నర మా ఇంట్లో అన్నం కూడా భయంతోనే తిన్నాం.

పళ్ళెం నడుమ కాకతీయ తోరణం. అది వరంగల్లో పని తెలిసిన ఎవరైనా కొడతారు. అంచు చుట్టూ వేలి వెడల్పున పారే తీగ మాత్రం మా ఇంటిది. తాత నేర్పింది. ఒక ఆకు లోపలికి, ఒక ఆకు బయటికి తిరుగుతూ పళ్ళెం చుట్టూ పోయి మొదటి ఆకును కలుస్తుంది, ఎక్కడ కలిసిందో ఎవరికీ దొరకదు. ఇంటికొచ్చిన వాళ్ళ చేతిలో పళ్ళెం పెట్టి "అతుకు యాడున్నదో పట్టుకో సూద్దాం," అనేవాడు బాపు. వాళ్ళు ఓడిపోతే ఆ పూట ఆయనకు ఆకలి ఎక్కువయ్యేది.

డబ్బాలు చేసే మనిషి కాజీపేటలో దొరికాడు. రైల్వేలో పెట్టెలకు సీట్లు కుట్టి రిటైరయిన పెద్దాయన. చర్చిల్లో ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల గిన్నెలకు మఖ్మల్ డబ్బాలు చేసి ఇస్తాడని, అలాంటి చేయి ఈ చుట్టుపక్కల లేదని చెప్పారు. నేను పోయేసరికి వరండాలో కూర్చుని, ఒక డబ్బా మూతను చెవి దగ్గర పెట్టుకుని మూస్తూ తెరుస్తూ ఉన్నాడు. కాకా అని పిలిచాను. వందనాలు బిడ్డా అని, నేను చెప్పిందంతా విని, దుకాణంలో చూసిన డబ్బా గురించి నాకంటే బాగా ఆయనే చెప్పాడు. నెల పడుతుంది, ఆదివారం మాత్రం పని ముట్టనన్నాడు.

"వస్తువు తెచ్చియ్యి. పని సురు చేస్త."

అక్కడే చిక్కు వచ్చింది. మా ఇళ్ళల్లో పూర్తికాని పని గడప దాటకూడదు. అంచు తీగ కలిసేదాకా పళ్ళెం లక్క మీద నుంచి లేవదు. నేను హైదరాబాదు తీసుకుపోయిన పళ్ళెం చిన్నది, ఆర్డరు పెద్ద పళ్ళేలకు. రేకులన్నీ కోసి, లక్క పోసి, అందులో మొదటిది లేవటానికే పది రోజులు పడుతుంది, అప్పటిదాకా ఆగితే డబ్బాలకు రోజులు చాలవు. అందుకని బాపు తన పద్ధతిలో కొలత దారం ఇచ్చాడు. ఆయన టేపు ముట్టేవాడు కాదు. కొత్త నూలుతో పేనిన గట్టి పురి దారం తీసుకుని, పళ్ళెం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా లాగి పట్టి, కొసలు రెండింటికీ ముడులు వేశాడు. పక్కన మఖ్మల్ దూదికి ఎంత కావాలో అదీ కలిపే వేశాడు. ఆ ముడి నుంచి ఈ ముడిదాకా డబ్బా లోపలి వెడల్పు.

కొత్త పనికి దారం బయటికి పోయేముందు దానికి పసుపు పెట్టాలి. అది అమ్మ పని. గిన్నెలో పసుపు తడిపి, వేలితో రెండు ముడులకూ అద్ది, దండెం మీద వేసేది. ఆ రోజు అమ్మ దూరం ఉంది. మూడు రోజులు వెనక గడపలోనే, చాప మీద. ఇంట్లో వస్తువు ముట్టదు, మంచినీళ్ళు కూడా నేనే పోయాలి. "నువ్వు పెట్టు బిడ్డా, కొసలకు అద్దు," అంది అక్కడి నుంచే.

పొద్దున ఎనిమిదయింది. కాజీపేట బస్సుకు టైం అవుతోంది. నాకు ఒళ్ళు మండింది. నలభై పళ్ళేలు, నలభై డబ్బాలు, ఆ మేనేజరు ముఖం, వీటన్నిటి మధ్య పసుపేంది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, దారం మొత్తం గిన్నెలో ముంచి, పిసికి, దండెం మీద విసిరేశాను. మే నెల ఎండకు, నేను స్నానం చేసి వచ్చేలోపే అది ఆరిపోయి, పుల్లలా గట్టిపడింది. చుట్ట చుట్టి సంచిలో వేసుకున్నాను. కొత్త నూలు తడిస్తే కుంచించుకుపోతుందని రవికె గుడ్డ కొన్న ప్రతి ఆడదానికీ తెలుసు, నాకూ తెలుసు. గుడ్డ విషయంలోనే తెలుసు, దారం విషయంలో తట్టలేదు.

కాక దారాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూశాడు. "దారం మీద నాకు నమ్మకం లేదు బిడ్డా. ఒక్క పల్లెం అయినంక తే. అప్పటిదాంక జర ఆగుత."

"ఆగే టైం లేదు కాకా. మా బాపు దారం అబద్ధం ఆడదు," అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే, లోపల బియ్యం ఏరుతున్న ఆయన భార్య చేట పట్టుకుని బయటికొచ్చి చూసింది. ఆయన దారాన్ని ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేశాడు.

ఆ నెలలో ఆరుసార్లు కాజీపేట పోయుంటాను. మఖ్మల్ రంగు కాస్త తేలికైతే కయ్యం పెట్టుకున్నాను, కొక్కెం వంకరుంటే మార్పించాను. డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే కడుపు నిండేది. ఒక్కసారైనా పళ్ళెం తెచ్చి పెట్టి చూద్దామనుకోలేదు. ఇంట్లో బాపు పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా లేవలేదు. మొదట పూర్తయిన పళ్ళెం మా ఆచారం ప్రకారం ఇంటికే. దాని తర్వాత నలభై. చివరి పళ్ళెం శుక్రవారం లేచింది. శనివారం పొద్దున డబ్బాలు రిక్షాల్లో వచ్చాయి. సోమవారం పొద్దున సికింద్రాబాదు రైలు ఎక్కాలి.

అమ్మ చేతులు కడుక్కుని మొదటి పళ్ళెం ఎత్తి బాపుకు అందించింది. బాపు డబ్బాలో పెట్టాడు. పట్టలేదు. ఒక పక్క దిగితే ఇంకో పక్క గోడ మీద కూర్చుంది. తిప్పి పెట్టాడు. ఇంకో డబ్బా తీశాడు. ఇంకోటి. చిటికెన వేలి మందమంత తక్కువ. అన్నిటికీ అంతే, ఎక్కడా వెంట్రుక తేడా లేదు, అంత శ్రద్ధగా చేశాడు కాక. బాపు నలభై డబ్బాల మధ్య గొంతుక్కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, దాని మీద చేయి వేసి ఉన్నాడు. ఆయన మాట్లాడితే బాగుండుననిపించింది. తిట్టినా బాగుండుననిపించింది.

నేను ఒక పళ్ళెం, ఒక డబ్బా సంచిలో వేసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా ఏమనాలో కూర్చుకున్నాను. వాకిట్లోనే మొదలుపెట్టాను. కళ్ళు కనిపించకపోతే పని ఒప్పుకోవటమెందుకన్నాను. మా బాపు బతుకు నీ చేతుల్లో పెడితే ఇట్లనా చేసేదన్నాను. రేపు మీ చర్చికి వచ్చి నలుగురిలో అడుగుతానన్నాను. పక్కిళ్ళ వాళ్ళు గోడల మీద నుంచి చూశారు. ఆయన భార్య ఏడుపు ముఖం పెట్టింది. ఆయన నేను ఆగేదాకా ఆగి, లోపలికి పోయి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులోంచి దారం తీసి, నేను తెచ్చిన డబ్బాలో ఈ గోడ నుంచి ఆ గోడకు పట్టాడు. ముడి గోడకు ఆనింది, ఆ ముడి ఈ గోడకు ఆనింది. తర్వాత అదే దారం పళ్ళెం మీద పట్టాడు. అంచుదాకా రాలేదు.

దారం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పచ్చగా ఉంది. కొసలకే ఉండాల్సిన పసుపు.

"దారం తడిసిందా బిడ్డా?" అన్నాడు మెల్లగా.

"నాకు తెల్వదు," అన్నాను.

డబ్బా గోడల చెక్కలకు జిగురు పెట్టి మూలలు బిగించానని చెప్పాడు కాక, విప్పితే చీలుతుంది, మఖ్మల్ కింద దూది మొత్తం తీసినా నూలుపోగంత చోటే వస్తుంది, కొత్తవి చేయాలంటే ఇరవై రోజులు అన్నాడు. చర్చికి వస్తానన్న మాట గురించి ఏమీ అనలేదు. నేను క్షమించమని అనలేదు. దారం అడిగి తీసుకుని వచ్చేశాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు, నేను మద్దెలను కాలితో కూడా తన్ని వచ్చాను.

ఇంట్లో బాపు దారాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశాడు. వాసన చూశాడు. "దీన్ని నీళ్ళల్ల ముంచిందెవరు?" అన్నాడు.

నోరు తెరిచాను. నిజమే చెబుదామని తెరిచానని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు అంత నమ్మకం లేదు. నాకంటే ముందు అమ్మ అంది.

"నేనే. పిల్ల స్నానంకు పోయింది. పసుపు సక్కగ లేదని నేనే తీసి ముంచిన. దూరమున్ననాడు ముట్టుకున్న, గందుకే గిట్లయింది."

అలా అన్నప్పుడు అమ్మ నా వైపు చూడలేదు. దూరమున్న రోజుల్లో పని దారం ముట్టటం మా ఇళ్ళల్లో చిన్న తప్పు కాదు. తన నెత్తిన అంత పాపం తీసుకుని, పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. బాపు ఆమె వీపు వైపు చాలాసేపు చూశాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. చెప్పొచ్చు. మూడే మాటలు. చెప్పలేదు.

తర్వాత బాపు లేచి రేకు కత్తెర తీశాడు.

ఆయన ఏం చేయబోతున్నాడో అమ్మకు ముందు తెలిసింది. "ఒద్దయ్యా," అంది. డబ్బాను పెంచలేం, పళ్ళేన్ని తగ్గించగలం. చుట్టూ సగం తీగ పోతే డబ్బాలో దిగుతుంది. కానీ సగం తీగతో పళ్ళెం అమ్మలేరు, పైగా కోసిన అంచు చేతిని కోస్తుంది, దాన్ని లోపలికి మడవాలి. ఆ మడతలో మిగతా సగం పోతుంది. తాత తీగ మొత్తం పోతుంది. ఒక పళ్ళేనికి తీగ కొట్టటానికి బాపుకు పూర్తిగా ఒక పూట పట్టేది. కత్తెరతో కోయటానికి బీడీ కాల్చినంతసేపు పట్టింది. కోసిన తీగ చుట్టలు చుట్టలుగా నేల మీద పడింది. మొదటి పళ్ళేన్ని ఆయన ఆగి ఆగి కోశాడు, తర్వాత ఆగలేదు. ఆగకపోవటానికే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆదివారం పదకొండింటికి కాక వచ్చాడు. చర్చి నుంచి నేరుగా, తెల్లచొక్కాతో, చేతిలో పనిముట్ల సంచి. "అంచు మడిస్తె మందం మారుతది. లోపటి దూది మల్ల సదరాలె," అన్నాడు, అంతే. ఆదివారం పని ముట్టని మనిషి బాపు పక్కన గోనె మీద కూర్చుని, ఒక్కో పళ్ళెం అయినకొద్దీ డబ్బాలో అది కదలకుండా దూది సర్దాడు. అమ్మ ఇద్దరికీ చాయ్ పెట్టింది. చాయ్ అందించేటప్పుడు కాక నాతో మామూలుగా మాట్లాడాడు, రైలు ఎన్నింటికని అడిగాడు. నేను నేల మీది తీగ ముక్కలు ఏరి గంపకు ఎత్తాను. అందులో ఒకటి వేలికి గుచ్చుకుంటే ఊరటగా అనిపించింది.

సోమవారం మేనేజరు మూత తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. మఖ్మల్ మీద వేలు రాశాడు. "ఇదీ పని," అన్నాడు డబ్బాను చూసి. పళ్ళెం చూసి, మొదట తెచ్చినదానికి అంచుకు ఏదో ఉండేది కదా, లేకపోవటమే నీటుగా ఉందన్నాడు. ఒక పళ్ళెం పక్కన పెట్టి దానికి చీటీ అంటించాడు, ఇక మీదట ప్రతిదీ ఈ నమూనాకు సరిపోవాలని. నేను తలూపాను. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని జనగామ దాకా ఏడ్చాను.

బాపు పెట్టెల దుకాణానికి పోలేదు. మూడు నెలలకోసారి ఆర్డరు వచ్చింది, ఏడేళ్ళు ఉలి పట్టాడు. కాగితాలు నేనే రాశాను, డబ్బాలు కాకే చేశాడు, బాపు కళ్ళు మందగించేదాకా. అనుకున్నది దక్కింది. తీగ మాత్రం ఆయన మళ్ళీ కొట్టలేదు. అడిగేవాళ్ళు లేరు.

ప్రతి ఆర్డరుకూ కొత్త దారం తీసేవాడు. ముడులు వేసి, అమ్మ ముందుకు చాపేవాడు, పసుపు పెట్టమని. అమ్మ చేతులు వెనక్కి తీసుకునేది. "నా చేయి అచ్చిరాలేదు, ఒద్దు," అనేది. పాతికేళ్ళు ఆమె చేసిన పని అది. బాపు కాసేపు అలాగే దారం చాపి ఉండి, పసుపు లేకుండానే చుట్ట చుట్టి నాకిచ్చేవాడు. అప్పుడు నేను ఎప్పుడూ అక్కడే ఉండేదాన్ని. ఇంకోసారి చెబుదాం, ఈ ఆర్డరు పోనీ, అనుకునేదాన్ని. బాపు అమ్మను ఇంకా క్షమించలేదని, దారం చూపి ఎత్తిపొడుస్తున్నాడని అనుకుని, లోలోపల ఆయన మీద కోపం కూడా పెంచుకున్నాను. చూడండి నా న్యాయం.

బాపుకు చూపు దాదాపు పోయాక, ఒకరోజు మధ్యాహ్నం ఇంటి పళ్ళెం తెమ్మన్నాడు. నలభైకి ముందు చేసిన మొదటిది, తీగ ఉన్నది. అమ్మ దాన్ని కుంకుమ భరిణెల కింద పెట్టుకునేది. ఒళ్ళో పెట్టుకుని అంచు చుట్టూ బొటనవేలు నడిపించాడు, ఒక ఆకు లోపలికి, ఒక ఆకు బయటికి. అతుకు దగ్గర ఆగాడు. ఆయనకు మాత్రమే తెలిసిన చోటు. ఇక నేను ఆగలేకపోయాను.

"బాపూ, ఆ దారం ముంచింది అమ్మ గాదు. నేను."

వేలు మళ్ళీ కదిలింది. "ఎరికే," అన్నాడు.

"అమ్మ చెప్పిందా?"

"చెప్పలే. దూరమున్ననాడు మీ అమ్మ మంచినీళ్ళ గిలాస గూడ ముట్టది. దారం ముడుతదా?"

"మరి ఏండ్లకేండ్లు ఆమె ముందట దారం ఎందుకు చాపినవు? తెలిసి ఎందుకు బాధ పెట్టినవు?"

బాపు పళ్ళేన్ని పక్కన పెట్టి, నేనున్న వైపు ముఖం తిప్పాడు.

"ఆమె కోసం చాపిననుకున్నవా బిడ్డా. నువ్వు అక్కడనే నిలవడుతుంటివి. ఇప్పుడన్న నోరు తెరుస్తవేమో అని చూసిన."

అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళయింది.